కొత్త కుట్టు మిషన్ సరిగా కుట్టకపోతే: ఏ వరుసలో చూసుకోవాలి, ఎవరిని ఎలా అడగాలి

ఇంటికి తెచ్చిన కొత్త కుట్టు మిషన్ మొదటి రోజే దారం తెంపుతూ ఉంటే, గుడ్డ కింద దారాన్ని ముద్దగా చుట్టేస్తూ ఉంటే, నాలుగు కుట్లకొక కుట్టు వదిలేస్తూ పోతే, కొన్నవారికి కలిగే నిరుత్సాహం మామూలుది కాదు. సిరిమానోత్సవానికీ సంక్రాంతికీ వచ్చే జాకెట్ల పని మీద ఆశ పెట్టుకుని, సంఘంలో అప్పు తీసుకుని మిషన్ కొన్న చీపురుపల్లి, రాజాం, నరసన్నపేట వైపు ఆడవాళ్లకైతే ఆ నిరుత్సాహానికి వాయిదా కట్టవలసిన బెంగ కూడా తోడవుతుంది. అలాంటప్పుడు కొందరు మిషన్ మంచిది కాదని తేల్చేసుకుని, పాత చీర కప్పి మూలన పెట్టేస్తారు. మరికొందరు తెలిసిన మెకానిక్‌ను పిలిచి మరలు విప్పిస్తారు. మొదటి పని వల్ల దుకాణదారుడిని అడగవలసిన సమయం చేజారిపోతుంది. రెండో పని వల్ల వారంటీ పోయే ప్రమాదం ఉంది. ఈ రెండింటికీ ముందు, లోపం మిషన్‌లో ఉందో, సూదిదారాల్లో ఉందో, అమర్చిన తీరులో ఉందో వరుసగా తేల్చుకోవాలి. వరుస తప్పితే ఏది దేనివల్ల జరిగిందో ఎప్పటికీ తెలియదు కాబట్టి, కింద చెప్పిన క్రమాన్నే పాటించమని కోరుతున్నాను.

మిషన్‌ను ముట్టుకోకముందు

బిల్లు, వారంటీ కార్డు, మాన్యువల్ ఒకచోట పెట్టుకోండి. బిల్లు మీద మోడల్ పేరు, మిషన్ నంబరు ఉన్నాయో లేదో చూసి, ఆ నంబరు మిషన్ మీద ఉన్న నంబరుతో సరిపోతుందో లేదో పోల్చుకుని, ఫోనులో ఫొటో తీసి ఉంచండి. పెట్టెను పారేయవద్దు. బిల్లు ఇవ్వకపోతే ఈ రోజే వెళ్లి అడగండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి కుట్టు మిషన్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది కనుక, బిల్లు లేకుండా తీసుకుంటే ధర తగ్గిస్తామనే మాటకు ఒప్పుకున్నా మీకు మిగిలేది స్వల్పమే. చేతిలో ఉండవలసిన ఆధారం మాత్రం పోతుంది.

దారం లేకుండా తిప్పి చూడండి

సూదిలోంచి దారం తీసేసి, కింది దారం చుట్టి ఉండే చిన్న కండె అయిన బాబిన్‌ను దాని కేసుతో సహా బయటికి తీసి, సూది దగ్గర గుడ్డను నొక్కిపట్టే పాదాన్ని పైకెత్తి ఉంచండి. పాదం దించి ఉంటే గుడ్డను జరిపే కింది పళ్లు దానికి రాసుకుని అరిగిపోతాయి. ఇప్పుడు చేతి చక్రాన్ని నెమ్మదిగా మీ వైపుకు తిప్పుతూ వినండి. చుట్టు మొత్తం దాదాపు ఒకే తేలికతో సాగాలి. ప్రతి చుట్టులోనూ ఒకేచోట పట్టేస్తూ ఉంటే, బాబిన్ కేసు కూర్చునే చోట దారపు ముక్క గానీ ప్యాకింగు తునక గానీ ఇరుక్కుందేమో చూసి తీసేయండి. తీసిన తరువాత కూడా అదేచోట పట్టేస్తుంటే ఆ సంగతి రాసి పెట్టుకోండి, తరువాత పనికివస్తుంది.

చక్రం తిరుగుతున్నా సూది కదలకపోవడం చూసి చాలామంది మిషన్ పాడైపోయిందని కంగారు పడతారు. కాళ్లతో తొక్కే నల్ల మిషన్లలో చక్రం మధ్యన ఒక గుండ్రటి మర ఉంటుంది. బాబిన్‌కు దారం చుట్టేటప్పుడు సూది ఆడకుండా ఉండడానికి దాన్ని వదులు చేస్తారు. దుకాణంలో చూపించేటప్పుడు వదులు చేసి బిగించడం మరిచిపోతే ఇంటికి వచ్చిన మిషన్ చక్రం మాత్రమే తిప్పుతుంది. వంకర కుట్టు కూడా వేసే చిన్న జిగ్‌జాగ్ మిషన్లలో అయితే బాబిన్ చుట్టే కాడ కుడివైపుకు జరిగి ఉండిపోయినా ఇదే జరుగుతుంది. మరను బిగించండి, కాడను ఎడమకు జరపండి, అంతటితో ఆ సమస్య తీరిపోతుంది.

సూది

నా అనుభవంలో కొత్త మిషన్ల మీద వచ్చే ఫిర్యాదుల్లో పెద్ద భాగం సూది దగ్గరే తేలిపోతుంది. మిషన్‌తోపాటు వచ్చిన సూది కొత్తదే కదా అని నమ్మకండి. ప్రదర్శనకు వాడిన సూది మొన వంగి ఉండవచ్చు. మొన వంగిందో లేదో కంటితో తేల్చుకోలేం కనుక, ముందుగా దాన్ని తీసి, మంచి కంపెనీ సూదుల ప్యాకెట్టు కొని, అందులోంచి ఒకటి పెట్టండి. ఇంటి మిషన్ల సూది కాడకు ఒకవైపు చదునుగా ఉంటుంది, కాడ మొత్తం గుండ్రంగా ఉన్న సూది పెద్ద టైలరింగు యూనిట్లలో వాడే పారిశ్రామిక మిషన్లది. అది మీ మిషన్‌లో దూరినంత మాత్రాన సరిపోయిందని అనుకోకూడదు.

సూదిని పైకి ఆగేంతవరకూ నెట్టి మర బిగించాలి. కొద్దిగా కిందికి జారి ఉన్నా, బాబిన్ దగ్గర తిరుగుతూ పై దారాన్ని పట్టుకునే షటిల్ కొక్కెం ఆ దారపు ఉచ్చును అందుకోలేక కుట్లు వదిలేస్తుంది. చదును వైపు ఎటు ఉండాలన్నది మోడల్‌ను బట్టి మారుతుంది కాబట్టి, మాన్యువల్‌లోని బొమ్మ చూడండి. అది దొరకకపోతే ఈ సూత్రం గుర్తుంచుకోండి. సూదికి ఒకవైపు పొడవాటి గాడి ఉంటుంది. దారం ఆ గాడి ఉన్న వైపు నుంచే కంట్లోకి దూరాలి, చదును వైపు షటిల్ కొక్కేనికి ఎదురుగా ఉండాలి. సూదిని తిరగేసి పెడితే మిషన్ ఎంత ఖరీదైనదైనా ఒక్క కుట్టు కూడా సరిగా వేయలేదు.

నంబరు విషయం కూడా ఇక్కడే చెప్పాలి. మామూలు నూలు గుడ్డ రెండు పొరలకు 14 నంబరు సూది సరిపోతుంది. ప్యాకెట్టు మీద దాన్నే 90 అని కూడా రాస్తారు. పట్టు జాకెట్లకు, పలుచటి జార్జెట్టుకు 11 లేదా 9, జీన్స్ గుడ్డకు 16 లేదా 18 పెట్టాలి. బనీను గుడ్డకు, లెగ్గింగులకు మొన గుండ్రంగా ఉండే బాల్ పాయింట్ సూది కావాలి. మామూలు సూదితో సాగే గుడ్డ కుడితే కుట్లు తప్పడం మిషన్ నేరం కాదు.

పొందూరు సన్నఖాదీ కుట్టాలనుకునేవారికి ప్రత్యేకంగా ఒక మాట. వాలుగ చేప దవడతో ఏకి, చేత్తో వడికిన ఆ నూలు మిల్లు నూలులాగా ఆసాంతం ఒకే మందంలో ఉండదు. దాని మీద లావు సూది పెట్టి, బిగువు టెన్షన్‌తో, అంటే దారాన్ని గట్టిగా బిగించి కుట్టి, గుడ్డ ముడుచుకుపోతోందని బాధపడేవారు ఉన్నారు. సన్నటి సూది, సన్నటి దారం, కొంచెం వదులు టెన్షన్ పెడితే అదే మిషన్ చక్కగా కుడుతుంది. అంత శ్రమతో తయారైన గుడ్డ మీద కొత్త మిషన్‌ను పరీక్షించనే వద్దు.

పై దారం, బాబిన్

గుడ్డ అడుగున దారం ముద్ద కట్టగానే అందరి చేయీ బాబిన్ మీదికే పోతుంది. అడుగున కనిపించే ముద్ద చాలావరకు పై దారానిదే. పాదం దించి ఉంచి దారం ఎక్కిస్తే, టెన్షన్ బిళ్లలు అప్పటికే ఒకదానికొకటి నొక్కుకుని ఉండడం వల్ల దారం వాటి మధ్యకు దిగకుండా పైపైనే ఉండిపోతుంది. పట్టు లేని ఆ దారమంతా కిందికి వదులుగా దిగి ఉచ్చులు ఉచ్చులుగా చిక్కుపడుతుంది. అందుచేత పాదం ఎత్తి, చక్రం తిప్పి సూదిని పూర్తిగా పైకి తెచ్చి, అప్పుడు మొదటి నుంచి దారం ఎక్కించండి. సూదితోపాటు పైకీ కిందికీ ఆడే మీట కన్నంలో దారం తప్పక దూరి ఉండాలి. తొందరలో దాన్ని వదిలేయడం తరచుగా జరిగేదే. ఎక్కించాక పాదం దించి దారాన్ని లాగితే బిగువుగా రావాలి, పాదం ఎత్తి లాగితే సులువుగా రావాలి. రెండుసార్లూ ఒకేలా వస్తే దారం బిళ్లల మధ్యకు దిగలేదన్నమాట, మళ్లీ ఎక్కించండి.

బాబిన్‌కు దారం సమంగా, అంచులు దాటకుండా చుట్టుకోవాలి. కేసులో పెట్టాక దారం పక్కనున్న సన్నటి రేకు కిందికి దూరిందో లేదో చూసుకోవాలి. విడిగా బయటికి వచ్చే బాబిన్ కేసును దారం పట్టుకుని వేలాడదీస్తే అది తనంతట తాను జారిపోకూడదు, చేతిని చిన్నగా కుదిపితే కొద్దిగా మాత్రమే దిగాలి. జర్రున జారిపోతే రేకు వదులుగా ఉంది, కుదిపినా కదలకపోతే మరీ బిగువుగా ఉంది. బజారులో విడిగా కొన్న బాబిన్లు చూడటానికి ఒకేలా ఉన్నా ఎత్తులో కాస్త తేడా ఉంటే కేసులో సరిగా తిరగవు కాబట్టి, పరీక్ష పూర్తయ్యేదాకా మిషన్‌తో వచ్చిన బాబిన్లే వాడండి. చిటికెన వేలుకు చుట్టి లాగగానే పుటుక్కున తెగే దారంతోనూ, నూగు రేగిన పాత దారంతోనూ పరీక్ష చేయకండి.

రెండు రంగుల పరీక్ష

ఈ వ్యాసంలో మీరు ఒక్క పనే చేయగలిగితే ఇది చేయండి. ఇస్త్రీ చేసిన మామూలు తెల్లటి నూలు గుడ్డను రెండు మడతలుగా తీసుకోండి. పైన ఎర్ర దారం, బాబిన్‌లో నీలం దారం, ఒకే కంపెనీవి, ఒకే మందంవి పెట్టండి. 14 నంబరు సూది, కుట్టు పొడవు 2.5 మిల్లీమీటర్లు, టెన్షన్ చక్రం మీద అంకెలుంటే 4 దగ్గర పెట్టండి. రెండు దారాల కొసలనూ పాదం కిందుగా వెనక్కి తీసి, మొదటి మూడు నాలుగు కుట్లు పడేదాకా వేలితో పట్టుకోండి. ఈ చిన్న జాగ్రత్త లేకపోవడం వల్లే ఎన్నో కుట్లు మొదట్లోనే ముద్ద కడతాయి. తరువాత జానెడు పొడవు తిన్నగా కుట్టండి. గుడ్డను ముందుకు లాగవద్దు, వెనక నుంచి నెట్టవద్దు. గుడ్డను జరపడం కింది పళ్ల పని, మీ చేతులు దారి చూపిస్తే చాలు. లాగి కుడితే సూది వంగి ప్లేటుకు తగిలి విరుగుతుంది.

ఇప్పుడు గుడ్డను వెలుతురులో చూడండి. పైన ఎరుపు మాత్రమే, కింద నీలం మాత్రమే కనిపిస్తే రెండు దారాలూ గుడ్డ పొరల మధ్యలో ముడిపడుతున్నాయని అర్థం, మిషన్ ఆరోగ్యంగా ఉంది. పై వైపున నీలం చుక్కలు కనిపిస్తే పై టెన్షన్ ఎక్కువైంది, దాన్ని అర అంకె చొప్పున తగ్గించండి. అడుగున ఎర్ర ఉచ్చులు కనిపిస్తే పై టెన్షన్ తక్కువైంది, లేదా దారం ఎక్కించడంలోనే పొరపాటు ఉంది; ముందు మళ్లీ ఎక్కించి, తరువాతే చక్రం తిప్పండి. ఒక్కో మార్పుకు ఒక్కో కొత్త వరుస కుట్టి, దాని పక్కనే పెన్నుతో సూది నంబరు, టెన్షన్ అంకె, కుట్టు పొడవు రాయండి. రెండు మార్పులు ఒకేసారి చేయవద్దు. బాబిన్ కేసు మీది చిన్న మరను మాత్రం పై టెన్షన్‌తో ఎంతకూ కుదరనప్పుడే ముట్టుకోవాలి, అదీ గడియారంలో నిమిషాల ముల్లు ఐదు నిమిషాలు జరిగినంత మేర మాత్రమే.

గుడ్డ అసలు కదలకుండా ఒకేచోట కుట్టు పడుతుంటే మూడు విషయాలు చూడండి: పాదం దించారా, కుట్టు పొడవు సున్నా మీద ఉందా, ఎంబ్రాయిడరీ కోసం పళ్లను కిందికి దించే మీట దించి ఉందా. ఇక కొన్ని కుట్లు తప్పుతూ ఉంటే మరో కొత్త సూది పెట్టి మళ్లీ కుట్టండి. అప్పటికీ తప్పుతూనే ఉంటే ఆ గుడ్డముక్కను జాగ్రత్తగా దాచండి. నోటితో ఎంత చెప్పినా దుకాణదారుడు వినకపోవచ్చు, సూది నంబరూ టెన్షన్ అంకే రాసి ఉన్న ఆ ముక్కను చూపిస్తే తోసిపుచ్చలేడు.

తొక్కుడు, మోటారు, నూనె

కాళ్లతో తొక్కే మిషన్ కొత్తగా నేర్చుకునేవారి చేతిలో చక్రం వెనక్కి తిరగడం సహజం. వెనక్కి తిరిగిన ప్రతిసారీ దారం చిక్కుపడుతుంది లేదా తెగుతుంది. దారం లేకుండా, పాదం ఎత్తి, చక్రం మీ వైపుకే తిరిగేలా కాళ్లకు అలవాటు అయ్యేదాకా తొక్కండి. బెల్టు మరీ బిగువైతే కాళ్లు లాగేస్తాయి, వదులైతే జారుతుంది. మోటారు మిషన్ నెమ్మదిగా నడుస్తుంటే, ఊళ్లో వోల్టేజీ తగ్గే సాయంత్రం వేళ కాకుండా మధ్యాహ్నం పూట మళ్లీ చూసి, అప్పుడు నిర్ణయానికి రండి.

మిషన్ బరువుగా తిరుగుతోందని కొబ్బరినూనె వేసేవారికి చేతులెత్తి మొక్కి చెబుతున్నాను, వేయకండి. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది, నెలలు గడిచేసరికి జిగురుగా మారి కీళ్లను పట్టేస్తుంది. కుట్టు మిషన్ నూనె అని అమ్మే పలుచటి తెల్ల నూనెనే మాన్యువల్‌లో చూపిన చోట్ల ఒక్కో చుక్క వేసి, దారం లేకుండా కాసేపు తిప్పి, ఒక వ్యర్థపు గుడ్డ మీద కుట్టి, మిగిలిన నూనెను ఆ గుడ్డకే పట్టించండి. నూనె వేయనక్కరలేదని మాన్యువల్ చెప్పే మోడళ్లలో వేయవద్దు. కళింగపట్నం, భావనపాడు, బారువ లాంటి సముద్రం ఒడ్డు ఊళ్లలో ఉప్పుగాలికి సూదులూ ప్లేటూ త్వరగా తుప్పు పడతాయి. వాడని వేళ మిషన్ మీద మూత ఉంచి, సూదుల ప్యాకెట్టును మూత బిగువుగా ఉన్న డబ్బాలో పెట్టండి. అయితే పెట్టె విప్పిన రోజే పళ్ల మీద, ప్లేటు మీద తుప్పు కనిపిస్తే అది గాలి తప్పు కాదు, మీకు చాలాకాలం నిల్వ ఉన్న సరుకు అంటగట్టారు.

మిషన్ మంచిదే, పని వేరైతే

అన్ని పరీక్షలూ నెగ్గిన మిషన్ కూడా మిమ్మల్ని నిరాశపరచవచ్చు, ఎందుకంటే మీరు దాని చేత చేయించదలచిన పని దానిది కాకపోవచ్చు. నల్లటి తిన్న కుట్టు మిషన్ జిగ్‌జాగ్ వేయలేదు, కాబట్టి చీరలకు పికో చేయాలని కొన్నవారికి అది పనికిరాదు. తేలికపాటి జిగ్‌జాగ్ మిషన్ ఇంటి బట్టలకు బాగుంటుంది గానీ, జనపనార సంచులు కుట్టే చిన్న వ్యాపారానికి దాన్ని పెడితే మోటారూ పళ్లూ తట్టుకోలేవు. అరచేతిలో పట్టుకుని బ్యాటరీతో నడిపే చిన్న యంత్రాలు చాలావరకు ఒకే దారంతో గొలుసు కుట్టు వేస్తాయి, ఒక కొస లాగితే వరుసంతా ఊడిపోతుంది. వాటితో జాకెట్టు కుట్టి ఎవరికైనా ఇవ్వడం మంచిది కాదు. ఇలాంటి సందర్భంలో మిషన్‌లో లోపం ఉందని వాదించకుండా, వాడకం తక్కువగా ఉన్నప్పుడే తేడా డబ్బు కట్టి మార్చుకుంటామని అడగడం మేలు. ఏ పనికి కావాలో మీరు చెప్పినా, పనికివస్తుందని నమ్మబలికి అమ్మినట్లయితే మాత్రం అది వేరే సంగతి, దాన్ని గట్టిగానే అడగాలి.

నిజమైన లోపమని తేలితే

కొత్త సూది సరిగా పెట్టినా అది ప్లేటుకు తగలడం, రెండు మూడు కొత్త సూదులు మార్చినా తెల్ల నూలు గుడ్డ మీద కుట్లు తప్పడం, చక్రం ప్రతి చుట్టులోనూ ఒకేచోట పట్టేయడం, గుడ్డ ఒకపక్కకే వంకరగా పోవడం, పోత ఇనుము భాగం పగిలి ఉండడం, ఇవి మీరు సరిచేయవలసినవి కావు. సూది, షటిల్ కదలికల పొంతన తప్పితే అనుభవం ఉన్న చేతులే దాన్ని కలపాలి. ఊళ్లోని మెకానిక్‌కు ఆ పని బాగా తెలిసి ఉండవచ్చు, అయినా వారంటీ ఉన్నంతకాలం కంపెనీ మనిషి చేతే చేయించండి.

లోపాన్ని ఫోనులో వీడియో తీయండి. గుడ్డముక్కలు, బిల్లు తీసుకుని దుకాణానికి వెళ్లి, వాళ్ల ముందు, వాళ్ల సూదీ దారాలతోనే కుట్టి చూపించమనండి. అక్కడ చక్కగా కుట్టితే తేడా ఎక్కడ వచ్చిందో అడిగి నేర్చుకోండి. అక్కడా కుట్టకపోతే ఆ మాటను తేదీతో సహా కాగితం మీద రాయించుకోండి. ఫోనులో మాట్లాడినా, అదే విషయాన్ని వాట్సాప్‌లో గానీ ఉత్తరంలో గానీ మళ్లీ పంపండి.

బిల్లు కింద ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని అచ్చు వేసి ఉంటే భయపడవద్దు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపం ఉన్న సరుకును బిల్లులో చెప్పిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోవడానికి నిరాకరించడం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు ఇవ్వకపోవడం కూడా అలాంటిదే. ఈ 30 రోజుల మాట కోసమే పరీక్షలన్నీ మొదటి వారంలో ముగించమని నేను నొక్కి చెబుతాను. ఆన్‌లైన్‌లో కొన్నవారికి 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు అండగా ఉంటాయి. లోపం ఉన్న వస్తువును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదు.

కుట్టి సంపాదిస్తున్నారు కాబట్టి మీరు వినియోగదారు కారని ఎవరైనా అంటే నమ్మకండి. స్వయం ఉపాధితో, కేవలం జీవనోపాధి కోసం కొన్న వస్తువు ఆ చట్టం దృష్టిలో వ్యాపార అవసరానికి కొన్నది కాదు. పీఎం విశ్వకర్మ పథకంలో దర్జీలకు ఇచ్చే 15,000 రూపాయల పరికరాల సాయంతో మిషన్ తీసుకున్నవారు కూడా బిల్లునూ వారంటీ కార్డునూ ఇలాగే అడిగి తీసుకోవాలి.

దుకాణం, కంపెనీ రెండూ పట్టించుకోకపోతే ముందు 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. అక్కడా తెగకపోతే జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్‌కు వెళ్లాలి. మిషన్ విశాఖపట్నంలో కొన్నా, మీరు శ్రీకాకుళం జిల్లాలో ఉంటే శ్రీకాకుళంలోనే, విజయనగరం జిల్లాలో ఉంటే విజయనగరంలోనే ఫిర్యాదు వేయవచ్చు, ఎందుకంటే ఫిర్యాదుదారు నివసించే చోట దాఖలు చేసే హక్కును 2019 చట్టం ఇచ్చింది. చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపు ఉంటే రుసుము లేదు, వకీలును పెట్టుకోవడం తప్పనిసరి కాదు, సమస్య తలెత్తిన నాటి నుంచి 2 ఏళ్లలోగా దాఖలు చేయాలి. ఫిర్యాదులో మిషన్ కొన్న తేదీ, ధర, మోడల్, కనిపించిన లోపం, మీరు ఎవరిని ఎప్పుడు అడిగారు, వాళ్లేమన్నారు అనేవి వరుసగా రాసి, మార్చి ఇవ్వాలో, బాగుచేయాలో, డబ్బు తిరిగి ఇవ్వాలో స్పష్టంగా కోరండి. లోపాన్ని తేల్చడానికి మిషన్‌ను పరీక్షకు పంపించే అధికారం కమిషన్‌కు ఉంది కాబట్టి, ఫిర్యాదు నడుస్తున్నంత కాలం దాన్ని ఎవరిచేతా విప్పించకండి, అందులోని భాగాలేవీ మార్పించకండి.